ఫ్లూ చావులు: ఒకే సీజన్‌కి 1,674 అనీ 25,100 అనీ రెండు లెక్కలేంటి?

తిక్కశంకరం
జర్మనీలో 2017-18 ఫ్లూ సీజన్ గురించి చదువుతున్నా. ల్యాబ్ టెస్టులో ఫ్లూ అని తేలి చనిపోయినవాళ్ళు 1,674 మంది అని ఒకచోట ఉంది. సరే అనుకున్నా. అదే సీజన్‌కి 25,100 మంది పోయారని ఇంకోచోట. రెండూ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ లెక్కలే, వేరే ఎవరో చెప్పినవి కాదు. పదిహేను రెట్లు తేడా! మనిషి పోయాడా లేదా తెలుసుకోడానికి పెద్ద చదువు అక్కర్లేదు కదా, ఎందుకు పోయాడో డాక్టర్ రాస్తాడు, అవన్నీ కూడితే అయిపోయే పనికి ఇన్ని అంచనాలెందుకు? ఎవరైనా పెంచుతున్నారా, లేక ఎవరైనా దాస్తున్నారా? సూటిగా చెప్పండి ప్లీజ్.

పాతకాపు
పెంచడమూ లేదు దాచడమూ లేదు. మొదటిది ఒక్కో కేసూ ఏరి కూడింది, రెండోది గణాంకాల మోడల్‌లోంచి అంచనాగా తీసింది. రెండూ కరెక్టే.

తిక్కశంకరం
@పాతకాపు రెండూ కరెక్టే అంటుంటే ఇంకా మండుతోంది అన్నా

ఐసీయూ_నైట్‌డ్యూటీ
నేను నర్సుని. మా వార్డులో ఎలా జరుగుతుందో చెప్తా, "డాక్టర్ రాస్తాడు, కూడితే అయిపోతుంది" అన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది.

ఒక పెద్దాయనకి ఫ్లూ వస్తుంది. మూడు నాలుగు రోజులు ఇంట్లోనే మాత్రలేసుకుని పడుకుంటాడు. కాస్త తేరుకున్నట్టే ఉంటాడు, మళ్ళీ జ్వరం తిరగబెట్టి ఆయాసం మొదలవుతుంది, అప్పుడు తీసుకొస్తారు. ఈసారి వచ్చింది ఫ్లూ కాదు, ఫ్లూ పాడుచేసిన ఊపిరితిత్తుల్లో చేరిన బాక్టీరియా, ఎక్కువగా న్యుమోకాకస్ లేదా స్టాఫిలోకాకస్. పెద్దవాళ్ళలో వైరస్ ముక్కులో వారం రోజులకి మించి దొరకడం కష్టం, కాబట్టి ఈ పాటికి స్వాబ్ తీసినా నెగెటివ్ వచ్చే ఛాన్సే ఎక్కువ. అసలు తీస్తేగా! యాంటీబయాటిక్ మొదలుపెట్టే హడావుడిలో ఫ్లూ టెస్ట్ ఎవరికీ గుర్తుండదు, తీసినా అది రాపిడ్ కిట్ అయితే నిజంగా ఫ్లూ ఉన్నవాళ్ళలోనే 50-70 శాతం మందిని మాత్రమే పట్టుకుంటుంది. ఆయన పోతాడు. సర్టిఫికెట్‌లో న్యుమోనియా, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) అని వస్తుంది. ఫ్లూ అన్న మాటే ఉండదు. ఎవరూ అబద్ధం రాయలేదు, అయినా ఫ్లూ లెక్కలో ఆయన లేడు.

ఇది మంచి కేసు. అర్ధరాత్రి మూడింటికి జూనియర్ డాక్టర్ అయితే "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసేసి ఇంకో బెడ్ దగ్గరికి పరిగెడతాడు.

చిరాకు_చిన్నోడు
గుండె ఆగిపోవడం వల్ల చనిపోయాడు, ఊపిరి ఆగిపోవడం వల్ల చనిపోయాడు. మరి చనిపోవడం వల్ల చనిపోయాడు అని రాస్తే ఇంకా సేఫ్ కదా

ఐసీయూ_నైట్‌డ్యూటీ
@చిరాకు_చిన్నోడు నవ్వకండి, అలా రాయకూడదని ఫారం మీదే ఉంటుంది, అయినా రాస్తారు

కోడింగ్_బల్ల
నర్సు గారు రాసిన కాగితం చివరికి వచ్చేది మా బల్ల మీదకే. మరణాల కోడింగ్ మా పని, కాబట్టి రెండో సగం నేను చెప్తా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫారంలో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో గీతలు: పై గీతలో చివరికి ప్రాణం తీసింది ఏంటో రాయాలి, దాని కింద అది దేనివల్ల వచ్చింది, దాని కింద అది దేనివల్ల, అలా దిగుతూ పోవాలి. అట్టడుగు గీతలో ఉన్నది మూల కారణం. ప్రభుత్వాల పట్టికల్లో ఒక చావుకి ఒక్క మూల కారణమే లెక్క. రెండో భాగంలో "ఇవి కూడా తోడయ్యాయి" అన్నవి రాస్తారు, షుగర్, బీపీ, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) వగైరా. డాక్టర్ ఫ్లూని తీసుకెళ్ళి ఈ రెండో భాగంలో పడేస్తే మామూలు పట్టికలో అది కనపడదు. కారణాలన్నీ ఉండే ఫైల్ వేరే ఉంటుంది, అది తెరిచి వెతికితేనే దొరుకుతుంది.

జబ్బుల కోడ్ల అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో ఫ్లూకి జే09, జే10, జే11. జే10 అంటే వైరస్ ఖాయమైంది, జే11 అంటే టెస్ట్ లేకుండా ఫ్లూ అని రాశారు. జే12 నుంచి జే18 దాకా న్యుమోనియాలు. అన్నింటికన్నా లావుగా ఉండే డబ్బా జే18, ఏ క్రిమి వల్లో తెలియని న్యుమోనియా. ఇందులో ఫ్లూ వల్ల వచ్చినవి ఎన్నో నాకు తెలియదు, ఊహించి వేసే అధికారం కూడా లేదు. కాగితం మీద ఏముంటే అదే కోడ్.

పాతకాపు
ఇప్పుడు అర్థమైందా శంకరం, 1,674 అనేది నేల, పైకప్పు కాదు

అనుమానపక్షి
బాగుంది. ఇప్పుడు నేను వేడి పెంచుతా. అమెరికాలో 2001 పట్టిక తీయండి. ఫ్లూ, న్యుమోనియా కలిపి 62,034. అందులో న్యుమోనియా 61,777. ఫ్లూ ఎంతో తెలుసా? 257. ఆ 257లో వైరస్ దొరికింది 18 మందిలో. పద్దెనిమిది! ఆ రోజుల్లోనే "ఏటా 36,000 మంది ఫ్లూతో చనిపోతున్నారు" అని ప్రతి పోస్టర్ మీదా వేశారు. 2005లో పీటర్ డోషీ అనే పరిశోధకుడు ఇదే విషయం బ్రిటిష్ మెడికల్ జర్నల్ (బీఎంజే)లో రాస్తే ఎవరూ సూటిగా సమాధానం చెప్పలేదు. 18 ఎక్కడ, 36,000 ఎక్కడ? న్యుమోనియా అంతా ఫ్లూ ఖాతాలో వేసేస్తే ఎంతైనా వస్తుంది.

గణాంకం_గోల
@అనుమానపక్షి మీ అంకెలు సరైనవే, కానీ న్యుమోనియా అంతా ఫ్లూ ఖాతాలో వేశారన్నది తప్పు. 36,000 అనేది 2001 లెక్క కాదు, 1990-91 నుంచి 1998-99 దాకా సీజన్ల సగటు, 2003లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన థామ్సన్ పేపర్‌లోది. ఆ పేపర్ చదివితే ఇంకా మజా ఉంది, ఒకే మోడల్, అవే ఏళ్ళు, మూడు జవాబులు వచ్చాయి. మూల కారణం ఫ్లూ లేదా న్యుమోనియా అని ఉన్న చావులనే చూస్తే ఏటా ఫ్లూ వాటా 8,097. ఊపిరితిత్తుల, గుండె రక్తనాళాల చావులన్నీ చూస్తే 36,155. ఏ కారణంతో పోయినా సరే అని మొత్తం చావులు చూస్తే 51,203. వార్తాపత్రికలవాళ్ళు మధ్యది పట్టుకున్నారు. అంటే న్యుమోనియాలు 60 వేల పైన ఉంటే అందులో మోడల్ ఫ్లూకి ఇచ్చింది 8 వేలే. మిగతాదంతా గుండె, ఉబ్బసం, సీఓపీడీ సొరుగుల్లోంచి బయటపడ్డది.

ఎలా బయటపడుతుందంటారా? కరెంటు మీటర్ అనుకోండి. ఏసీ ఎంత కాల్చిందో మీటర్ విడిగా చెప్పదు. కానీ ఏసీ వాడని నెలల బిల్లు మీకు తెలుసు, వాడిన నెల బిల్లూ తెలుసు, తేడా తీస్తే ఏసీ ఖర్చు వచ్చేస్తుంది. 1847లో లండన్‌లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు విలియం ఫార్ అనే గణాంకాల అధికారి చేసింది ఇదే, ఫ్లూ అని రాసిన చావులు వదిలేసి మామూలుగా ఆ వారాల్లో పోయేవాళ్ళ కన్నా ఎంతమంది ఎక్కువ పోయారో చూశాడు. బ్రాంకైటిస్ అనీ న్యుమోనియా అనీ రాసినవి కూడా ఫ్లూతో పాటే పెరిగి ఫ్లూతో పాటే తగ్గాయి. 1963లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీలో సెర్ఫ్‌లింగ్ అనే ఆయన దానికి ఒక సమీకరణం కట్టాడు, ఏడాది పొడుగునా అలలాగా వెళ్ళే గీత, ఆ గీతకి పైన ఉన్నదంతా అదనపు చావులు.

వేపచెట్టు
ఏసీ వేసిన నెలలోనే మా ఫ్రిజ్ కూడా పాడై రాత్రింబగళ్ళు తిరిగింది. ఆ బిల్లు కూడా ఏసీదేనా?

గణాంకం_గోల
@వేపచెట్టు సరిగ్గా కొట్టారు, సెర్ఫ్‌లింగ్ పద్ధతి మీద పాత విమర్శ ఇదే. చలికాలంలో ఫ్లూ ఒక్కటే రాదు, ఆర్ఎస్‌వీ అనే ఇంకో శ్వాసకోశ వైరస్ వస్తుంది, చలి తానే గుండెపోట్లు పెంచుతుంది. అందుకే థామ్సన్ వాళ్ళు వారం వారం ల్యాబుల్లో వచ్చే పాజిటివ్ శాతాన్ని కూడా మోడల్‌లో పెట్టారు, ఫ్లూ ఏ లోని రెండు రకాలు, ఫ్లూ బీ, ఆర్ఎస్‌వీ అన్నీ విడివిడిగా. ఫ్లూ ఏ లోని హెచ్3ఎన్2 రకం పెరిగిన వారాల్లోనే చావులూ పెరిగితే, అది లేని చలి వారాల్లో పెరగకపోతే, దోషి ఎవరో తెలుస్తుంది. యూరప్‌లో ఫ్లూమోమో అనే మోడల్ ఉంది, అందులో వారం వారం ఉష్ణోగ్రత కూడా వేస్తారు. ఇంత చేసినా కొంత కల్తీ మిగులుతుంది, లేదనను.

చిరాకు_చిన్నోడు
ఫ్రిజ్ బాగు చేయించారా వేపచెట్టు గారూ

వేపచెట్టు
కొత్తది కొన్నాం. టాపిక్‌లోకి రండి

మబ్బుపట్టింది
చాలారోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయను. నర్సు గారి పోస్ట్ చూశాక రాయాలనిపించింది. మా నాన్నకి టెస్ట్‌లో ఫ్లూ పాజిటివ్ వచ్చింది, రిపోర్ట్ నా దగ్గరే ఉంది. జ్వరం తగ్గకముందే గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో పోయారు. ఆయనకి అంతకుముందు గుండె జబ్బు లేదు, బీపీ మాత్రం ఉంది. సర్టిఫికెట్‌లో హార్ట్ ఎటాక్ అని మాత్రమే రాశారు. ఫ్లూ సంగతి అడిగితే డాక్టర్ "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నారు. సంబంధం లేదా నిజంగా?

ఐసీయూ_నైట్‌డ్యూటీ
@మబ్బుపట్టింది చాలా బాధగా ఉందండి. సంబంధం లేదని అంత తేలిగ్గా అనేయలేం. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కెనడా ఒంటారియో నుంచి ఒక స్టడీ వచ్చింది. ల్యాబ్‌లో ఫ్లూ ఖాయమైన మనుషుల్నే తీసుకుని, టెస్ట్ తర్వాత మొదటి 7 రోజుల్లో గుండెపోటు రేటుని అదే మనుషుల మిగతా రోజులతో పోల్చారు. ఆరు రెట్లు ఎక్కువ. మీ నాన్నగారి విషయంలో అదే జరిగిందని నేను చెప్పలేను, ఫైల్ చూడలేదు కదా. కానీ "సంబంధం లేదు" అన్నది మాత్రం తప్పు మాట.

గణాంకం_గోల
మోడల్ ఎందుకు గుండె సొరుగు కూడా తెరుస్తుందో ఇదిగో ఇందుకే. @అనుమానపక్షి ఇలాంటి ఒక్క చావు కూడా ఆ 257లో ఉండదు.

అనుమానపక్షి
ఆవిడ బాధని వాదనకి వాడుకోకండి గోల గారూ. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. 90 ఏళ్ళ మనిషి, గుండె సగమే పనిచేస్తోంది, ఫ్లూ వచ్చి పోయాడు. ఫ్లూ చంపిందా, ఫ్లూ ఉండగా పోయాడా? ఫ్లూ రాకపోతే మే నెలలో పోయేవాడేమో.

గణాంకం_గోల
వాడుకోలేదు, ఆవిడ అడిగిన దానికే అది జవాబు.

మే నెల సంగతి నిజమే, దానికీ పేరుంది, కొన్ని వారాల్లో ఎలాగూ పోయేవాళ్ళు ముందే పోతే గట్టి సీజన్ తర్వాత చావులు మామూలు కన్నా కిందకి దిగుతాయి. ఆ గుంట కొన్ని ఏళ్ళలో కనపడుతుంది, కానీ పైకి లేచినదాన్నంతా పూడ్చేంత లోతుగా ఉండదు. అయినా ఫ్లూ వల్ల నాలుగు నెలలు ముందు పోయినవాడు ఫ్లూ వల్ల పోలేదంటే ఎలా, అలా చూస్తే 90 దాటిన ఎవరి చావుకీ కారణం రాయక్కర్లేదు.

పాతకాపు
90 దాటినవాళ్ళకి కారణం వయసే అని మా తాత అనేవాడు, ఆయన 96కి పోయాడు, కోడింగ్ గారూ దానికి కోడ్ ఏంటి

కోడింగ్_బల్ల
ఆర్54, ముసలితనం. వేస్తే పైవాళ్ళు తిడతారు

అనుమానపక్షి
ఇంకొకటి. అదే అమెరికా, 2017-18 సీజన్. ముందు దాదాపు 80,000 మంది పోయారన్నారు, ప్రపంచమంతా హెడ్‌లైన్. తర్వాత 61,000. ఇప్పుడు చూస్తే 52,000. చనిపోయినవాళ్ళు తిరిగొస్తున్నారా? హెడ్‌లైన్ వేసినవాడు మళ్ళీ 52,000 అని వేశాడా ఎక్కడైనా?

గణాంకం_గోల
వేయలేదు, అది మీడియా తప్పు, ఒప్పుకుంటా. కానీ ఎందుకు మారిందో వినండి, ఇది చావుల వంపు చూసే పద్ధతి కాదు, వేరే పద్ధతి. సీడీసీ 2010 నుంచి ఆసుపత్రుల నుంచి మొదలుపెడుతోంది. దేశంలో దాదాపు 9 శాతం జనాభాని కవర్ చేసే ఒక ఆసుపత్రుల నెట్‌వర్క్ ఉంది, అందులో ఫ్లూ పాజిటివ్‌తో చేరినవాళ్ళని, చనిపోయినవాళ్ళని లెక్కేస్తారు. అక్కడి నుంచి మెట్లు ఎక్కుతారు: ఎంతమందికి అసలు టెస్ట్ చేశారు, టెస్ట్ ఎన్ని కేసులు వదిలేస్తుంది, ఆసుపత్రి బయట పోయినవాళ్ళెంతమంది. ఈ చివరి మెట్టుకి డెత్ సర్టిఫికెట్లు కావాలి, అవి, టెస్టింగ్ డేటా వచ్చేసరికి ఏడాది రెండేళ్ళు పడుతుంది. అందాకా పాత సీజన్ల నిష్పత్తి వేసి తోస్తారు. 2017-18లో అసలు డేటా వచ్చాక టెస్టులు అనుకున్న దానికన్నా ఎక్కువే చేశారని తేలింది, గుణకం తగ్గింది, చావులు తగ్గాయి.

తిక్కశంకరం
అంటే డాక్టర్లు టెస్టులు ఎక్కువ చేస్తే చావులు తగ్గుతాయా! ఇది ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి

కోడింగ్_బల్ల
అంచనాలో తగ్గుతాయి శంకరం గారూ, కాటికి వెళ్ళేవాళ్ళు తగ్గరు

వేపచెట్టు
పిల్లల లెక్క మాత్రం వేరే అని విన్నాను, నిజమేనా?

ఐసీయూ_నైట్‌డ్యూటీ
అమెరికాలో నిజమే. 2003-04 సీజన్‌లో 150 మందికి పైగా పిల్లలు పోయారు, దాంతో 2004 నుంచి 18 ఏళ్ళలోపు ఎవరు ఫ్లూ ఖాయమై పోయినా ఆరోగ్య శాఖకి చెప్పాల్సిందే అని పెట్టారు. పెద్దవాళ్ళకి ఆ రూల్ లేదు. అందుకే పిల్లల అంకె ఒక్కో పేరూ ఏరినది. 2020-21లో మాస్కులు, లాక్‌డౌన్లు ఉన్నప్పుడు ఆ లెక్క ఒకే ఒక్కటి. దానికి ముందు 2017-18లో 188. కానీ ఇదీ పూర్తి కాదు, టెస్ట్ లేకుండా పోయినవాళ్ళని కూడా కలిపి మోడల్ వేస్తే ఆ 188 అసలు 600కి దగ్గరని సీడీసీయే చెప్పింది. పిల్లల్లో కొందరు ఆసుపత్రికి చేరేలోపే పోతారు, స్వాబ్ ఎవరు తీస్తారు.

పాతకాపు
2009 స్వైన్ ఫ్లూ ఇక్కడ ఎవరూ ఎత్తలేదేంటి. ల్యాబ్‌లో ఖాయమై ప్రపంచ ఆరోగ్య సంస్థకి చేరినవి 18,449. 2012లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ అనే వైద్య పత్రికలో మొదటి ఏడాదికి వేసిన అంచనా 2,84,500, అందులో ఊపిరితిత్తుల చావులు 2,01,200, గుండెవి 83,300.

తిక్కశంకరం
ఒక్క నిమిషం. భాగించి చూశా. 15.4! జర్మనీకి కూడా 15. అంటే ల్యాబ్ లెక్కని 15తో గుణించేస్తే పోలా, మోడళ్ళు దేనికి?

గణాంకం_గోల
అయ్యో వద్దండి బాబూ, అది కాకతాళీయం. పిల్లలకి మీ గుణకం 188 నుంచి 600, అంటే మూడుకి పైన. 2001 అమెరికాకి 18తో మొదలుపెట్టండి, ఎక్కడికి పోతారో. టెస్టులు ఎన్ని చేస్తారు, ఎవరికి చేస్తారు అన్నదాన్ని బట్టి దేశానికో గుణకం, సీజన్‌కో గుణకం. పైగా 2009 అంచనాకే 1,51,700 నుంచి 5,75,400 దాకా వెడల్పు ఉంది, మధ్యది పట్టుకుని 15.4 అని దశాంశంతో చెప్తే ఎలా.

చిరాకు_చిన్నోడు
శంకరం గారి సూత్రానికి నోబెల్ మిస్

వేపచెట్టు
నాకింకో డౌట్. చలికాలం గట్టిగా ఉండే దేశాలకి సరే, ఫ్లూ ఏడాదంతా అక్కడక్కడా తిరిగే వేడి దేశాల్లో ఆ అల గీత ఎలా గీస్తారు? "ఏసీ వాడని నెల" అనేదే లేదుగా

గణాంకం_గోల
గీయలేరు. అందుకే చాలాకాలం ఉష్ణమండలంలో ఫ్లూ పెద్ద సమస్యే కాదనుకున్నారు. హాంకాంగ్, సింగపూర్ వాళ్ళు వారం వారం వైరస్ పాజిటివ్ శాతంతో మోడల్ కట్టాక అక్కడి చావుల రేటు చలి దేశాలతో సమానంగానే వచ్చింది. కానీ దానికి రెండు కావాలి, నమ్మదగ్గ ల్యాబ్ నిఘా, నమ్మదగ్గ మరణాల నమోదు. రెండూ లేని దేశాలే ఎక్కువ. ప్రపంచానికి ఏటా 2,90,000 నుంచి 6,50,000 అని చెప్పే అంకె ఉంది కదా, 2017 డిసెంబర్‌లో వచ్చింది, దానికి అసలు డేటా ఇచ్చినవి 33 దేశాలే, మిగతా దేశాలకి వాటి నుంచి సాగదీశారు. అది కూడా ఊపిరితిత్తుల చావులే, మబ్బుపట్టింది గారి నాన్నగారి లాంటివి అందులో లేవు.

పాతకాపు
1918 స్పానిష్ ఫ్లూ చూస్తే ఇంకా ఘోరం. 1927లో జోర్డన్ అనే ఆయన 2.15 కోట్ల చావులు అన్నాడు, 2002లో 5 కోట్లకి పెంచారు, 2018లో ఇంకొకరు 1.74 కోట్లే అన్నారు. వందేళ్ళయినా కోట్లలో తేడా. అప్పటి బ్రిటిష్ ఇండియా రికార్డుల్లో "జ్వరాలు" అని ఒకే ఖానా, మలేరియా, ఫ్లూ అన్నీ అందులోనే, ఆ ఖానా ఆ ఏడాది ఎంత ఉబ్బిందో చూసి లెక్క తీయాల్సిందే. ఫార్ చేసిందే మళ్ళీ.

అనుమానపక్షి
సరే, మోడల్ అవసరం అన్నది నేను కాదనడం లేదు. నాకు ఒళ్ళు మండేది చెప్పే తీరు. "36,000 మంది చనిపోయారు" అంటారు, "చనిపోయి ఉంటారని అంచనా" అనరు. అమెరికాలోనే 1976 నుంచి 2007 దాకా సీజన్లు తీసుకుంటే ఒక ఏడాది 3,349, ఇంకో ఏడాది 48,614. పద్నాలుగు రెట్లు తేడా ఉన్నదానికి సగటు ఒక్కటి చెప్పడం ఏం న్యాయం? ఆ పక్కనే కోవిడ్ చావులు పెట్టి "చూశారా ఫ్లూ కూడా ఇంతే" అన్న జనం ఎంతమంది, ఒకటి టెస్ట్ చేసి ఏరినది, ఇంకొకటి మోడల్‌ది.

గణాంకం_గోల
@అనుమానపక్షి ఈ పోస్ట్ కింద నా సంతకం కూడా వేసుకోండి. 2010లో సీడీసీ కూడా ఆ రేంజ్ ముందుపెట్టి సగటు వెనక్కి నెట్టింది. జనం మాత్రం 36,000 వదల్లేదు.

తిక్కశంకరం
నా జర్మనీ 25,100 కూడా అదనపు చావుల లెక్కేనా మరి

గణాంకం_గోల
అవును, అదనపు చావులే. మరీ బలహీనమైన ఫ్లూ ఏడాదికి అదే పద్ధతిలో సున్నా దగ్గర కూడా వస్తుంది, అంటే ఎవరూ పోలేదని కాదు, గీత కన్నా పైకి లేవలేదని.

మబ్బుపట్టింది
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాన్న సర్టిఫికెట్‌లో ఫ్లూ చేర్పించొచ్చా? డబ్బు కోసం కాదు. ఇంత చదివాక ఆయన ఏ లెక్కలోనూ లేకపోవడం నచ్చట్లేదు.

ఐసీయూ_నైట్‌డ్యూటీ
సవరణకి దారి ఉంటుందండి, పద్ధతి చోటుని బట్టి మారుతుంది. మామూలుగా కారణం రాసిన డాక్టరే సవరించాలి, రిజిస్ట్రార్ తనంతట తాను మార్చడు. ల్యాబ్ రిపోర్ట్ కాపీ, టెస్ట్ తేదీ, గుండెపోటు తేదీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. గొడవ టోన్‌లో వెళ్తే తలుపేసేస్తారు, మెల్లిగా అడగండి.

కోడింగ్_బల్ల
ఒక చిన్న విషయం. ఆయన సరే అంటే రెండో భాగంలో రాసి పంపేస్తారు, అది తేలిక. అలా అయితే ఫ్లూ అన్ని కారణాల ఫైల్‌లో మాత్రమే కనపడుతుంది. మొదటి భాగంలో గుండెపోటు కింద గీతలో "ఇన్‌ఫ్లుయెంజా, ల్యాబ్‌లో ఖాయమైంది" అని రాయమని అడగండి, ఎన్ని రోజుల ముందు మొదలైందో పక్క ఖానాలో వేయమనండి. ఆ తర్వాత మూల కారణంగా ఏ కోడ్ పడుతుందో రూల్స్ చూసి సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది, దానికి నేను మాట ఇవ్వలేను. కానీ కాగితం మీద లేనిది ఎవరూ కోడ్ చేయలేరు.

మబ్బుపట్టింది
థాంక్స్ అండి. పక్క ఖానా అంటే తేదీ రాయాలా, ఎన్ని రోజులన్నదా?

కోడింగ్_బల్ల
ఎన్ని రోజులన్నదే. తెలియకపోతే ఉజ్జాయింపుగా అయినా సరే, ఖాళీ వదలొద్దని చెప్పండి